ఐమర్జ్ వాన మ్యాప్‌లో సాగర్ వాన హైదరాబాద్ పక్కన కనబడుతోంది, పైథాన్‌లో ఎక్కడ తేడా కొడుతోంది?

మూసీ_గట్టు:

అందరికీ నమస్తే. నల్లగొండ చుట్టుపక్కల రోజువారీ వాన మ్యాప్ పైథాన్‌లో గీస్తున్నాను. డేటా నాసా వాళ్ల ఐమర్జ్ (ఉపగ్రహాలతో లెక్కగట్టే వాన డేటా, గడికొక విలువ) ఫైనల్ రన్, ఏడో వెర్షన్, రోజుకొక నెట్‌సీడీఎఫ్ ఫైలు. ఎక్స్‌ఆరే అనే పైథాన్ లైబ్రరీతో తెరిచి, ప్రెసిపిటేషన్ అనే వేరియబుల్ తీసుకుని, రేఖాంశం 78 నుంచి 80, అక్షాంశం 16 నుంచి 18 వరకు కోశాను. దాన్ని నంపై ఆరేగా (పేర్లు లేని ఉత్త అంకెల పట్టికగా) మార్చి, మ్యాపులు గీసే కార్టోపై అక్షం మీద పీకలర్‌మెష్‌తో (గడికొక రంగు వేసే ఫంక్షన్) వేశాను. పైన జిల్లా హద్దుల షేప్‌ఫైలు ఉంది.

ఎర్రర్ ఒక్కటీ రావట్లేదు, మ్యాప్ కూడా శుభ్రంగానే వస్తోంది. కానీ మూడు విషయాలు కుదరట్లేదు.

ఒకటి, పెద్దవూర, నాగార్జునసాగర్ వైపు గట్టిగా వాన పడ్డట్టు మండలాల లెక్కలు చెబుతున్న రోజున నా మ్యాప్‌లో అక్కడ ఖాళీ. ముదురు రంగు గడి హైదరాబాద్ తూర్పున హయత్‌నగర్ పక్కన వస్తోంది. నల్లగొండ పట్టణం దగ్గర మాత్రం కాస్త అటూ ఇటూగా సరిపోతున్నట్టే ఉంది. హద్దులు జరిగాయేమో అనుకుంటే అవి సరైన చోటే ఉన్నాయి.

రెండు, ఒక్క గడి ముదురు నీలం, మిగతా అంతా దాదాపు తెలుపు. 5 మిల్లీమీటర్లు పడిన ఊరికీ 25 పడిన ఊరికీ తేడా తెలియట్లేదు.

మూడు, మండల రెయిన్‌గేజ్ అంకెతో పోల్చితే కొన్ని రోజులు ఒక రోజు వెనక్కి జరిగినట్టు అనిపిస్తోంది.

తెలిసినవాళ్లు జర చెప్పండి.

పాలమూరు_పిక్సెల్:

మొదటిదానికి జవాబు: మీ ఆరే అడ్డం తిరిగింది.

ఐమర్జ్ ఫైల్లో ఈ వేరియబుల్ కొలతల వరుస టైమ్, లాన్, లాట్. రేఖాంశం ముందు, అక్షాంశం తర్వాత. పీకలర్‌మెష్‌కు అడ్డు వరుసలంటే అక్షాంశం, నిలువు వరుసలంటే రేఖాంశం. టైమ్ తీసేసి నేరుగా నంపై ఆరే ఇస్తే రెండూ తారుమారవుతాయి.

మరి ఎర్రర్ ఎందుకు రాలేదు? మీరు కోసిన ముక్క చదరం కాబట్టి. ఐమర్జ్ గడి 0.1 డిగ్రీ. రెండు డిగ్రీలకు రెండు డిగ్రీలంటే 20 × 20. తిప్పినా 20 × 20యే, బొమ్మ గీసే మ్యాట్‌ప్లాట్‌లిబ్‌కు అనుమానం రాదు. అదే 77.0 నుంచి 80.3, 15.7 నుంచి 17.8 అని కోసి ఉంటే ఒకవైపు 33, ఇంకోవైపు 21 గడులు వచ్చి, కొలతలు సరిపోవడం లేదని టైప్‌ఎర్రర్‌తో అక్కడే ఆగేది. దక్షిణ తెలంగాణ చాలావరకు గద్వాల, నారాయణపేటతో సహా ఆ పెట్టెలో పడుతుంది కాబట్టి అదే వాడండి.

మీ హయత్‌నగర్ వాన లెక్క కూడా దీనితోనే తేలుతుంది. సాగర్ డ్యామ్ దాదాపు 16.57 అక్షాంశం, 79.31 రేఖాంశం మీద ఉంది. మీ పెట్టె నైరుతి మూల 16, 78. ఆ మూల నుంచి డ్యామ్ తూర్పుకు 1.31, ఉత్తరానికి 0.57 డిగ్రీల దూరం. రెండూ తారుమారైతే తూర్పుకు 0.57, ఉత్తరానికి 1.31. అంటే 17.31, 78.57. సరిగ్గా హయత్‌నగర్ దరిదాపులే. నల్లగొండ పట్టణం (17.05, 79.27) మూల నుంచి మూలకు గీసే గీతకు దగ్గరలో ఉంది కాబట్టి అంతగా కదల్లేదు. అయినా 30 కిలోమీటర్లకు పైనే వాయవ్యానికి జరిగింది. ఆ గీత మీద ఉన్న చోట్లు అసలు కదలవు, అందుకే ఈ తప్పు చూపుకు దొరకదు.

సరిచేయడానికి టైమ్ సూచిక 0 ఎంచుకుని, ట్రాన్స్‌పోజ్‌కు లాట్, లాన్ అని పేర్లతో వరుస చెప్పండి. నంపై ఆరేను టీ (.T) పెట్టి తిప్పడం వద్దు. రేపు ఇంకో డేటాలో వరుస లాట్, లాన్ అని వస్తే అదే టీ దాన్ని పాడుచేస్తుంది. పేరుతో చెబితే ఏ వరుసలో ఉన్నా పని జరుగుతుంది. ఇంకా మంచిది, నంపైలోకి అసలు దిగకుండా ఎక్స్‌ఆరే సొంత ప్లాట్ వాడి, ఎక్స్ అంటే లాన్, వై అంటే లాట్ అని రాయండి. ట్రాన్స్‌ఫామ్ దగ్గర ప్లేట్‌క్యారే (అక్షాంశ రేఖాంశాలనే నేరుగా వాడే ప్రొజెక్షన్) ఇవ్వడం మర్చిపోవద్దు. అక్షం ప్రొజెక్షన్ వేరు, డేటా ఏ అక్షాంశ రేఖాంశాల్లో ఉందో చెప్పే ట్రాన్స్‌ఫామ్ వేరు. అక్షం కూడా ప్లేట్‌క్యారే అయినంతకాలం ట్రాన్స్‌ఫామ్ లేకున్నా నడుస్తుంది, ప్రొజెక్షన్ మార్చిన రోజు డేటా మాయమవుతుంది.

ఏ కొత్త డేటా చేతికొచ్చినా ఈ పరీక్ష చేయండి. ఎక్స్‌ఆరే సెల్ (sel) ఫంక్షన్‌లో మెథడ్ నియరెస్ట్ పెట్టి నల్లగొండ, దేవరకొండ (16.69, 78.92), మిర్యాలగూడ (16.87, 79.57) విలువలు తీయండి. అదే మ్యాప్ మీద ఆ మూడు చోట్లా నల్ల అంచున్న చుక్కలు పెట్టి, అదే రంగుల స్కేలుతో ఆ విలువల ప్రకారం నింపండి. చుక్క లోపలి రంగు కింద ఉన్న గడి రంగులో కలిసిపోవాలి. కలవలేదంటే డేటా తిరగబడిందనో, పక్కకు జరిగిందనో అర్థం.

ఇంకొకటి. ఐమర్జ్‌లో అక్షాంశం దక్షిణం నుంచి ఉత్తరానికి పెరుగుతూ ఉంటుంది, అందుకే మీ స్లైస్ పనిచేసింది. జియోటిఫ్ ఫైళ్లలో, ఈఆర్ఏ5 అనే యూరప్ వాతావరణ డేటాలో ఉత్తరం నుంచి దిగుతూ వస్తుంది. అక్కడ 16 నుంచి 18 అని కోస్తే సున్నా వరుసలు వస్తాయి, అదీ ఎర్రర్ లేకుండానే. ముందు లాట్ మీద సార్ట్‌బై చేసి కోస్తే ఈ బాధ ఉండదు.

రంగుల_స్కేలు:

రెండో ప్రశ్న నేను తీసుకుంటాను.

వాన విలువలు ఎప్పుడూ ఒకవైపు ఒరిగే ఉంటాయి. చాలా గడుల్లో సున్నా నుంచి పది లోపు, ఒకటో రెండో గడుల్లో 120. స్కేలును కింద నుంచి పైకి సమానంగా సాగదీస్తే ఆ ఒక్క గడి రంగులన్నీ తినేస్తుంది. లాగ్ స్కేల్ పెడదామంటే సున్నాలు అడ్డం. హద్దులు మనమే పెట్టి బౌండరీనార్మ్ (ఆ హద్దుల ప్రకారం రంగులు పంచేది) వాడటమే సరైన దారి.

హద్దులు కూడా ఊహించి పెట్టనక్కర్లేదు, వాతావరణ శాఖ వర్గాలే ఉన్నాయి. 2.5 నుంచి తేలికపాటి వాన, 15.6 నుంచి మోస్తరు, 64.5 నుంచి భారీ, 115.6 నుంచి అతి భారీ, 204.5 దాటితే అత్యంత భారీ. 15.6కూ 64.5కూ మధ్య జాగా మరీ పెద్దది. మన పంటలకు తేడా తెలియాల్సింది అక్కడే కాబట్టి, పాత వర్గీకరణలోని 7.6, 35.6 కూడా కలపండి. అప్పుడు హద్దులు 2.5, 7.6, 15.6, 35.6, 64.5, 115.6, 204.5. శాఖ లెక్కలో 2.5 మిల్లీమీటర్లు పడితేనే అది వాన రోజు, కాబట్టి దానికన్నా తక్కువ ఉన్న గడి తెల్లగా ఉండొచ్చు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. మీరు ఏమీ చెప్పకపోతే, 2.5 కంటే తక్కువ విలువలకు కూడా మ్యాట్‌ప్లాట్‌లిబ్ కలర్‌మ్యాప్‌లోని మొదటి రంగే వేస్తుంది. అక్కడ తెలుపు కావాలంటే సెట్_అండర్‌తో మీరే చెప్పాలి. ఎక్స్‌టెండ్‌కు మ్యాక్స్ అని ఇచ్చి, సెట్_అండర్‌లో తెలుపు పెట్టండి. ఎన్‌కలర్స్ 256 ఉంచితే చాలు, మిగతాది అదే పంచుకుంటుంది.

డేటా లేని గడికి సెట్_బ్యాడ్‌తో బూడిద రంగు తప్పనిసరిగా పెట్టండి. వాన పడలేదు అనేదీ, డేటా రాలేదు అనేదీ రెండూ తెల్లగా కనబడే మ్యాప్ చూసి ఎవరైనా కరువు అనుకుంటారు. ఐమర్జ్‌లో లేని విలువ మైనస్ 9999.9. ఎక్స్‌ఆరే తెరిస్తే అది దానంతటదే నాన్ (విలువ లేదనే గుర్తు) అవుతుంది. హెచ్‌5పై అనే లైబ్రరీతో చదివితే కాదు, సగటులోకి కూడా అది చొరబడుతుంది.

కృష్ణా_బేసిన్:

పీకలర్‌మెష్ బదులు కాంటూర్‌ఎఫ్ వాడితే ఆ గళ్లు గళ్లు లేకుండా నున్నగా వస్తుంది కదా. రిపోర్టుకు అదే బాగుంటుంది.

రంగుల_స్కేలు:

నున్నగా వస్తుంది అన్నా, కానీ డేటాలో లేని వివరం పుట్టుకొస్తుంది. కాంటూర్‌ఎఫ్ ప్రతి విలువనూ గడి మధ్య బిందువుకు కట్టేసి, మధ్యలో తనే పూరించుకుంటుంది. 0.1 డిగ్రీ గడి మన దగ్గర ఉత్తర దక్షిణాలుగా దాదాపు 11 కిలోమీటర్లు, తూర్పు పడమరలుగా 10.6. అంటే ఒక్కో గడి దాదాపు 118 చదరపు కిలోమీటర్లు, దానంతటికీ ఒకే అంకె. చిట్యాల దగ్గర 40 దాటింది, నార్కట్‌పల్లి దగ్గర దాటలేదు అని గీత చూపే బలం ఆ డేటాకు లేదు. గళ్లు కనబడితేనే చదివేవాళ్లకు డేటా ఎంత మోటుదో తెలుస్తుంది. నాలుగు నెలల మొత్తం వానకైతే కాంటూర్ ఒప్పుకోవచ్చు, ఒక్కరోజు వానకు ఒప్పుకోలేను.

ఇమ్‌షో (ఆరేను నేరుగా బొమ్మగా వేసే ఫంక్షన్) వాడేవాళ్లకూ ఒక మాట. అందులో ఎక్స్‌టెంట్‌కు ఇవ్వాల్సింది గడుల బయటి అంచులు, మధ్య బిందువులు కాదు. ఐమర్జ్ మధ్య బిందువులు 77.05, 77.15 అని .05తో అంతమవుతాయి, అంచులు 77.0, 77.1. మొదటి, చివరి మధ్య బిందువులే ఇచ్చేస్తే బొమ్మ నాలుగు వైపులా అర గడి కుంచించుకుపోతుంది. అంచుల దగ్గర 5 కిలోమీటర్లు తప్పు. ఆరిజిన్ లోయర్ పెట్టకపోతే సాగర్ ఉత్తరానికి వెళ్లిపోతుంది. పీకలర్‌మెష్‌లో షేడింగ్ నియరెస్ట్ పెడితే అంచులు అదే లెక్కేసుకుంటుంది. పాత మ్యాట్‌ప్లాట్‌లిబ్‌లు చివరి అడ్డు వరుస, చివరి నిలువు వరుస చెప్పకుండా వదిలేసేవి, 3.5 నుంచి ఆ బెడద లేదు.

పాలమూరు_పిక్సెల్:

మూడో ప్రశ్న అన్నిటికన్నా ముఖ్యం, ఎందుకంటే కోడ్ ఎంత సరిగ్గా ఉన్నా అది తప్పు చూపిస్తుంది.

ఐమర్జ్ రోజు యూటీసీ (మనకన్నా ఐదున్నర గంటలు వెనకున్న ప్రపంచ ప్రామాణిక సమయం) ప్రకారం సాగుతుంది. 14 జులై అని పేరున్న ఫైలు మన టైంలో 14 ఉదయం 5:30 నుంచి 15 ఉదయం 5:30 వరకు పడిన వాన. వాతావరణ శాఖ రోజు ఉదయం 8:30 నుంచి మర్నాడు 8:30 వరకు, దానికి వేసే తేదీ ముగిసిన రోజుది. అంటే 15 జులై రిపోర్టులో ఉన్నది 14 ఉదయం 8:30 నుంచి 15 ఉదయం 8:30 వరకు పడిన వాన. మీరు 14 ఫైలును 14 రిపోర్టుతో పోలుస్తున్నారు, అందుకే ఒక రోజు జరిగినట్టు ఉంది. 15 రిపోర్టుతో పోల్చండి, చాలావరకు కుదురుతుంది.

ఇంకా మూడు గంటల తేడా మిగులుతుంది. తెల్లవారుజామున మొదలై తొమ్మిది దాకా కురిసిన రోజున అది పెద్ద అంకె అవుతుంది. ఖచ్చితంగా కావాలంటే అరగంట ఫైళ్లతో రోజును మీరే కట్టుకోవాలి. 8:30 అంటే 03:00 యూటీసీ. 14వ తేదీవి 03:00 నుంచి 42 ఫైళ్లు, 15వ తేదీవి 02:30తో మొదలయ్యే ఫైలు దాకా 6, మొత్తం 48. అరగంట ఫైల్లో విలువ గంటకు మిల్లీమీటర్లలో ఉంటుంది. 48 విలువలు కూడి సగం చేయాలి. ఈ సగం మర్చిపోతే నల్లగొండలో పడిన 60 మిల్లీమీటర్లు 120 అయి, మోస్తరు వాన కాస్తా అతి భారీ అవుతుంది.

అరగంట ఫైళ్లు హెచ్‌డీఎఫ్5. ఎక్స్‌ఆరేతో తెరిచేటప్పుడు గ్రూప్ గ్రిడ్ అని చెప్పకపోతే ఖాళీ డేటాసెట్ వస్తుంది. ఏడో వెర్షన్‌లో వేరియబుల్ పేరు ప్రెసిపిటేషన్, ఆరో వెర్షన్‌లో ప్రెసిపిటేషన్‌కాల్. పాత కోడ్ ఎక్కణ్నుంచైనా తెచ్చుకుంటే మొదట విరిగేది ఇక్కడే. ప్రపంచం మొత్తం 3600 × 1800 గడులు, ఒక్కో ఫైలుకు 26 ఎంబీ మెమరీ. 48 ఒకేసారి తెరిస్తే ఒక్క వేరియబుల్‌కే 1.2 జీబీ దాటుతుంది. ఓపెన్_ఎంఎఫ్‌డేటాసెట్‌లో ప్రీప్రాసెస్ ఫంక్షన్ ఇచ్చి, ప్రతి ఫైలూ తెరవగానే మన 33 × 21 పెట్టె కోసేయండి. 693 గడులకు మామూలు ల్యాప్‌టాప్ చాలు.

డౌన్‌లోడ్ అయిన ఫైలు కొన్ని కేబీలే ఉండి, ఏ ఇంజిన్‌తోనూ తెరుచుకోవట్లేదని ఎక్స్‌ఆరే అంటే, మీకు దిగింది వాన కాదు, లాగిన్ పేజీ. నాసా ఎర్త్‌డేటా ఖాతా ఉంటే సరిపోదు, ప్రొఫైల్లో జీఈఎస్ డిస్క్ (ఐమర్జ్ ఫైళ్లు ఇచ్చే నాసా కేంద్రం) ఆర్కైవ్ అప్లికేషన్‌కు అనుమతి కూడా ఇవ్వాలి.

ఇదంతా చేశాక కూడా మండల అంకెతో అచ్చంగా కలవాలని ఆశించవద్దు. రెయిన్‌గేజ్ మూతి జానెడు కూడా ఉండదు, గడి 118 చదరపు కిలోమీటర్లు. ఎండాకాలం చివర్లో పడే ఉరుముల వాన ఒక ఊళ్లో దంచి పక్క ఊరిని తడపకుండా పోతుంది.

మూసీ_గట్టు:

అన్నా, తిప్పి వేయగానే ముదురు గడి పెద్దవూర మీదికే వచ్చింది. చుక్కల పరీక్షలో మూడు ఊళ్లూ కలిశాయి. ఒక రోజు జరిపి చూస్తే రెయిన్‌గేజ్‌తో కూడా చాలా దగ్గరికొచ్చింది, అరగంట ఫైళ్లు ఇవాళ దింపుతున్నాను.

ఇప్పుడు జిల్లాల సగటు కావాలి. రియోఎక్స్‌ఆరే (ఎక్స్‌ఆరే డేటాను మ్యాప్ హద్దులతో కోసే లైబ్రరీ) క్లిప్‌తో కోస్తే నారాయణపేటకు చాలా తక్కువ గడులే వస్తున్నాయి. అసలు నా షేప్‌ఫైల్లో అన్ని జిల్లాలూ ఉన్నాయో లేదో కూడా అనుమానమే.

హద్దురాయి:

ముందు షేప్‌ఫైలు సంగతి. 2016 అక్టోబర్ 11న ఉమ్మడి మహబూబ్‌నగర్ నుంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగుళాంబ గద్వాల విడిపోయాయి. ఉమ్మడి నల్లగొండ నుంచి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి వచ్చాయి. నారాయణపేట 2019 ఫిబ్రవరి 17న ఏర్పడింది. కాబట్టి జిల్లా పేర్ల కాలమ్‌లో నారాయణపేట ఉందో లేదో చూడండి చాలు. లేదంటే ఫైలు పాతది, అందులో మహబూబ్‌నగర్ సగటు అంటే కనీసం రెండు జిల్లాల సగటు. ఇంటర్నెట్‌లో దొరికే చాలా ఫైళ్లలో ఇంకా ఉమ్మడి జిల్లాలే ఉన్నాయి.

తర్వాత సీఆర్ఎస్ (ఫైల్లోని అంకెలు ఏ కొలతల పద్ధతిలో ఉన్నాయో చెప్పేది) చూడండి. రాష్ట్ర ఫైళ్లు చాలావరకు యూటీఎం 44 ఉత్తర జోన్‌లో, మీటర్లలో ఉంటాయి. టూ_సీఆర్ఎస్‌తో 4326కు (అక్షాంశ రేఖాంశ డిగ్రీల కోడ్) మార్చకుండా వేస్తే హద్దులు మ్యాప్‌లో ఎక్కడా కనబడవు. పీఆర్‌జే ఫైలు పోయి సీఆర్ఎస్ నన్ (None) అని వస్తే మాత్రం ముందు సెట్_సీఆర్ఎస్‌తో అది ఏమిటో చెప్పి, ఆ తర్వాతే టూ_సీఆర్ఎస్. అంకెలు లక్షల్లో ఉంటే మీటర్లు, 77, 16 లాంటివైతే డిగ్రీలు. మీటర్ల ఫైలుకు సెట్_సీఆర్ఎస్‌తో 4326 అని అంటగడితే ఎర్రర్ రాదు, అంకెలు అలాగే మీటర్లుగా ఉండిపోతాయి.

ఇక సగటు. క్లిప్ మామూలుగా గడి మధ్య బిందువు జిల్లా లోపల ఉంటేనే తీసుకుంటుంది. నారాయణపేట దాదాపు 2300 చదరపు కిలోమీటర్లు, అంటే దాదాపు 20 గడులే. అందులో అంచు గడులే ఎక్కువ, ఒక్క గడి అటు ఇటైతే సగటు మారుతుంది. ఆల్_టచ్డ్ (హద్దును తాకిన ప్రతి గడినీ తీసుకోవడం) పెడితే పక్క రాష్ట్రం గడులు కూడా పూర్తి బరువుతో వచ్చేస్తాయి. రెండూ సరికాదు.

చేయాల్సింది ఇది. ప్రతి గడి అంచులతో షేప్లీ లైబ్రరీలో బాక్స్ కట్టి 693 గడుల జియోడేటాఫ్రేమ్ (ఆకారాలతో కూడిన పట్టిక) చేసుకోండి. మధ్య బిందువుకు అటు ఇటు 0.05 కలిపి తీసేస్తే అంచులు వస్తాయి. గడులనూ జిల్లాలనూ 32644కు (యూటీఎం 44 ఉత్తర జోన్ కోడ్) మార్చి ఓవర్‌లే ఇంటర్‌సెక్షన్ చేయండి. ఒక్కో ముక్క వైశాల్యమే దాని బరువు. విలువను బరువుతో గుణించి, జిల్లావారీగా కూడి, బరువుల మొత్తంతో భాగించండి. నాన్ ఉన్న గడి బరువును కూడా కింది మొత్తంలోంచి తీసేయాలి, లేకపోతే సగటు తగ్గిపోతుంది. ఈ బరువుల పట్టిక ఒక్కసారి చేసి ఫైల్లో దాచుకుంటే ఎన్నేళ్ల డేటాకైనా అదే పనికొస్తుంది. పాలమూరు పట్టణం, నారాయణపేట 78 డిగ్రీలకు పడమట ఉండి లెక్కప్రకారం 43వ జోన్‌లోకి వస్తాయి. కానీ 44లో లెక్కించినా బరువులకు వచ్చే తేడా పట్టించుకోవాల్సినంత ఉండదు.

సరిచూసుకోవడానికి ఒక్కో జిల్లా బరువుల మొత్తం ఆ జిల్లా వైశాల్యంతో సమానంగా రావాలి. నల్లగొండకు దాదాపు 7100 చదరపు కిలోమీటర్లు రావాలి. తక్కువొస్తే మీ పెట్టె జిల్లాను ఎక్కడో కోసేసింది.

కృష్ణా_బేసిన్:

ఇదే పద్ధతిలో ఎండాకాలం మోడిస్ (నాసా ఉపగ్రహ సెన్సార్) నేల ఉష్ణోగ్రత కూడా వేయొచ్చా? ఎంఓడీ11ఏ1 ఫైళ్లు దింపుకున్నాను, అక్షాంశాలే కనబడట్లేదు.

హద్దురాయి:

అందులో అక్షాంశ రేఖాంశాల గ్రిడ్ ఉండదు, సైనుసాయిడల్ ప్రొజెక్షన్. మన రెండు ఉమ్మడి జిల్లాలకు హెచ్25 వీ07 అనే ఒక్క టైల్ చాలు, 1200 × 1200 పిక్సెళ్లు, ఒక్కోటి దాదాపు 927 మీటర్లు. ఫైలు హెచ్‌డీఎఫ్4. పిప్‌తో వచ్చే రాస్టీరియోలో హెచ్‌డీఎఫ్4 చదివే భాగం ఉండదు. కాండా ఫోర్జ్‌లో జీడాల్ (మ్యాప్ ఫైళ్లు చదివే లైబ్రరీ)తో పాటు దాని హెచ్‌డీఎఫ్4 ప్యాకేజీ కూడా వేసుకోండి.

రియోఎక్స్‌ఆరేతో తెరిచాక మొదట సున్నాలను నాన్ చేయండి, అందులో సున్నా అంటే మబ్బు అడ్డమొచ్చి విలువ లేదని. తర్వాత 0.02తో గుణిస్తే కెల్విన్, 273.15 తీసేస్తే సెల్సియస్. 15650 అని ఉంటే 313, అంటే దాదాపు 40 డిగ్రీలు. మాస్క్_అండ్_స్కేల్ ట్రూ పెట్టి తెరిస్తే ఈ గుణకారం అదే చేసేస్తుంది. మీరు మళ్లీ చేస్తే 6 కెల్విన్ వస్తుంది. ఇవన్నీ అయ్యాకే 4326కు రీప్రొజెక్ట్. ముందే చేస్తే మబ్బు సున్నాలు పక్క పిక్సెళ్లలో కలిసి, మబ్బుల అంచుల్లో నేల చల్లబడినట్టు చూపిస్తుంది. ఉష్ణోగ్రతకు బైలీనియర్ వాడొచ్చు, నాణ్యత సంకేతాల బ్యాండ్‌కు నియరెస్ట్ తప్ప ఇంకేదీ వాడకూడదు.

మ్యాప్ సరిగ్గా కూర్చుందో లేదో ఏప్రిల్ పగటి చిత్రంలో చూడండి. సాగర్, శ్రీశైలం జలాశయాలు చుట్టూ కాలిన నేల మధ్య చల్లగా విడిగా తెలుస్తాయి. జలాశయాల షేప్‌ఫైలు పైన వేసి, ఆ చల్లని మచ్చ గట్టు గీతలోపలే ఉందో లేదో చూస్తే పిక్సెల్ తేడా కూడా దొరుకుతుంది.